కొక్కెంగాడి కూత

డేరా గుడ్డ పక్కకు తోసుకుని లైల్ ప్రూయిట్ బయటికి వచ్చాడు. చేతిలో కాఫీ గిన్నె పొగలు కక్కుతోంది. రెండడుగులు వేసినవాడు మూడోది వేయబోతూ ఆగిపోయాడు. చూపుడువేలు పైకెత్తి, తల ఒక పక్కకు వంచాడు. పొయ్యి దగ్గర పందిమాంసం ముక్కలు తిరగేస్తున్న అతని కూతురు మార్నీ కూడా పట్టకారు అలాగే గాలిలో పట్టుకుని ఉత్తరపు గట్టు వైపు చూసింది. తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

దుంగ మీద కూర్చుని బూటు తాళ్ళు బిగించుకుంటున్న ఓర్విన్ స్టెనరుడ్ ఆ నవ్వు చూశాడు. గట్టు వైపు చెవి పెట్టాడు. వాగు మోత. గాలికి డేరా గుడ్డ టపటపమనడం. అంతకుమించి అక్కడేమీ లేదు.

"వాడే," అన్నాడు లైల్. "ఆ గొంతు ఇంకెవడికుంది? కొక్కెంగాడే."

"ఊఁ," అన్నాడు ఓర్విన్.

కొక్కెంగాడంటే మ్యూల్ లోయలో అందరికీ తెలుసు. ఎల్క్ దుప్పుల్లో అంత పోతు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. దాని ఎడమ కొమ్ముకు మూడో కొన బయటికి చాచుకోకుండా లోపలికి కొక్కెంలా వంగి ఉంటుంది. అది ఏటా వసంతంలో రాల్చే కొమ్ములను మంచు కరగకముందే వెళ్ళి వెతికి తెచ్చుకునేవాడు ఓర్విన్. అవి అతని పెరటి కొట్టు గోడకు ఏ ఏడాదివి ఆ ఏడాది జతలుగా వేలాడుతున్నాయి. తలతో సహా ఆ గోడ మధ్యన ఉండవలసిన జత ఒక్కటే మిగిలింది. ఈ లోయలో పోతును కొట్టే పర్మిటు లాటరీలో తగలాలి. ఈసారి ఓర్విన్‌కీ మార్నీకీ తగిలింది, లైల్‌కి తగల్లేదు. "కొక్కెంగాడి మీద మొదటి బాణం నీది. నేను నీ వెనకుండి కూస్తా," అని గుడారం వేసిన రోజే లైల్ చెయ్యి చాపాడు. ఓర్విన్ ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. మళ్ళీ లాటరీ తగిలేదాకా ఈ మోకాళ్ళు నిలబడవని అతనికి తెలుసు.

కానీ ఆ రోజు మార్నీకి కూడా పర్మిటు ఉన్న సంగతి అతనికి అంతగా పట్టలేదు. ఇప్పుడు పడుతోంది.

ఆ ఉదయం ముగ్గురూ గట్టెక్కారు. మార్నీ పై దారిన విడిపోయింది. ఓర్విన్ పడిపోయిన పైను చెట్టు పక్కన మోకాలు మోపి, గాలి వాటం చూడటానికి చిన్న సీసా నొక్కి పిండి వదిలాడు. తెల్లని పొడి మొహం మీదికి వచ్చింది. గాలి అనుకూలమే. అమ్ములపొదిలోంచి ఒక బాణం తీసి నారికి తగిలించాడు. అరవై గజాల వెనక లైల్ పొదలో కూర్చున్నాడు. ఈ వేట పద్ధతే అంత. వెనకవాడు గొట్టంలో పోతులాగా, ఆడదుప్పిలాగా కూస్తాడు. దానికి రోషమొచ్చో ఆశపుట్టో పోతు ఆ గొంతు వెతుక్కుంటూ వస్తుంది. వచ్చే దారిలో ముందువాడు ఉంటాడు. వెనకవాడి మీద నమ్మకం లేకపోతే ముందువాడు చెట్టుకు కట్టేసిన మేకతో సమానం.

ఓర్విన్ కాచుకుని కూర్చున్నాడు. ఎండ కొమ్మల్లోంచి దిగి అతని మోకాలి మీద పడింది. వెనకనుంచి ఒక్క కూత లేదు. కొంతసేపటికి లైల్ కర్రతో చెట్టు బెరడు గీకి, కొమ్మలు విరిచిన చప్పుడు మాత్రం వచ్చింది. పోతు కొమ్ములు రాసుకుంటున్నట్టు అది ఒక ఎత్తు. కానీ కూత లేకుండా వట్టి కొమ్మలు విరిస్తే ఏ పోతు వస్తుంది? వచ్చేది కూడా బెదిరి పోతుంది. ఆ మాట లైల్‌కి తెలియదా? ఈ కొండల్లో లైల్ అంత బాగా కూసేవాడు లేడని చెప్పుకుంటారు.

చివరికి లైల్ చేతులు ఊపుకుంటూ వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏరా, ఎందుకు వదిలేశావు?"

"దేన్ని?"

"దేన్నేంటి! నీ కుడిపక్క పొదల వెనకనించే పోయాడు. కూసుకుంటూ పోయాడురా! నువ్వేమో ఎడమపక్కకి చూస్తూ పెళ్ళికొడుకులా కూర్చున్నావు."

ఓర్విన్ లేచి కుడిపక్కకు నడిచాడు. పొదల వెనక మెత్తటి నేల మీద గిట్టల గుర్తులు కొత్తగా ఉన్నాయి. పోతు మదం వాసన ఇంకా గాలిలోనే ఉంది. వచ్చిన మాట నిజమే. మరి కూసుకుంటూ వచ్చిందా? అంత దగ్గరగా కూస్తే చచ్చినవాడైనా లేచి కూర్చుంటాడు. చప్పుడు చేయకుండా వచ్చిందాన్ని కూసుకుంటూ వచ్చిందని ఎందుకు చెబుతున్నాడు?

అడగలేదు. దొంగని ముందే దొంగా అని పిలిస్తే వాడు జాగ్రత్తపడతాడు.

ఆ సాయంత్రం లైల్ పొయ్యి దగ్గర కూర్చుని, పెనం అడుగున పేరుకున్న కొవ్వు వేలితో తీసి పెదాలకు రాసుకున్నాడు.

"చూడవే మార్నీ, ఈ ముసలోడికోసం కూసి కూసి పెదాలు చీలికలైపోయాయి. వాడికి జాలైనా లేదు."

మార్నీ తల వంచుకుని చిక్కుడుగింజలు కలుపుతూ ఏదో అంది. లైల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటి?" అన్నాడు ఓర్విన్.

"ఏం లేదులే బాబాయ్," అంది మార్నీ, ఈసారి గట్టిగా.

ఈ 'ఏం లేదులే' ఈ మధ్య అందరికీ అలవాటైపోయింది. ఇంట్లో పెళ్ళాం అంటుంది. ఊళ్ళో సరుకుల కొట్లో పిల్ల అంటుంది. చెప్పింది మళ్ళీ చెప్పడానికి ఎవరికైనా ఏం కష్టం, అది తన ఎదుట చెప్పదగిన మాటే అయితే? ఓర్విన్ కంచం పక్కన పెట్టి, బాణపు ములుకు అంచులు బొటనవేలి గోరు మీద గీసి పదును చూసుకున్నాడు. గోరు మీంచి సన్నని పొట్టు లేచింది. పదును బాగానే ఉంది. పోతు ఎదురుపడాలి గానీ.

మర్నాడు పొద్దున ఓర్విన్ మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇవాళ నేను రాలేను. వాచింది."

నిజానికి వాపు ఏమీ లేదు. లైల్ వంగి మోకాలు నొక్కి చూశాడు. "ఇదా వాపు? మా అత్తగారి బుగ్గ ఇంతకన్నా వాస్తుంది," అన్నాడు. కానీ బలవంతపెట్టలేదు. అతని మొహంలో తేలిక కనిపించినట్టు ఓర్విన్‌కి తోచింది. మార్నీ నీళ్ళ డబ్బా నింపుకుంటూ, వీపు ఇటు తిప్పి ఉండగానే ఏదో గొణిగింది. ఆ పిల్లకు మాట నోట్లోనే తినేసే అలవాటు. మళ్ళీ అడిగితే మళ్ళీ 'ఏం లేదులే' వస్తుంది. ఓర్విన్ "ఊఁ ఊఁ" అని చెయ్యి ఊపాడు.

వాళ్ళిద్దరూ చెట్ల మధ్యకు వెళ్ళగానే అతను దుర్భిణి మెడలో వేసుకుని డేరా వెనక బండ ఎక్కాడు. మోకాలు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. లోయకు అవతలి పక్క ఆస్పెన్ చెట్లు పచ్చగా మెరిసిపోతున్నాయి. వాటి కింద నల్లని బురదగుంట ఉంది. మదమెక్కిన పోతులు అందులో దొర్లి, ఒళ్ళంతా బురద పూసుకుని వెళతాయి. పోయిన నెలలో ఆ గుంటను మొదట కనిపెట్టింది ఓర్విన్. కొక్కెంగాడి గిట్టలు అక్కడే చూశాడు. ఆ సంగతి లైల్‌కొక్కడికే చెప్పాడు.

దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నాడు. గుంట పక్కన, చెట్టుకు ఆనుకుని మార్నీ నిలబడి ఉంది. విల్లు చేతిలోనే ఉంది. ఆమె వెనక, కొంచెం ఎత్తున, లైల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. గొట్టం నోట్లో ఉంది. దించాడు. మళ్ళీ పెట్టాడు. బుగ్గలు పొంగి, తల వెనక్కి వాలింది.

దుర్భిణి అద్దాల మీద ఓర్విన్ ఊపిరి తగిలి మసకేసింది. తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏం చప్పుడూ లోయ దాటి రాలేదు. గాలి అటు వీస్తోంది కాబోలు. వచ్చినా రాకపోయినా ఒకటే. కళ్ళకు కనిపిస్తోందిగా. కూతురికైతే గొట్టం నోట్లోంచి తీయడు. తనకైతే కర్రపుల్లతో చెట్టు గీకి వదిలేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే కుండలో కూడు తిన్నవాడు.

సాయంత్రం వాళ్ళు వట్టి చేతులతో వచ్చేసరికి ఓర్విన్ పొయ్యి వెలిగించలేదు. డేరా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"బురదగుంట ఎలా ఉంది?"

లైల్ మూట దించుతూ, "బానే ఉంది. మోకాలెలా ఉంది?" అన్నాడు.

"ఆ గుంట ఎవరు చూపించారు నీకు?"

"నువ్వే. ఏం?"

"కొక్కెంగాడు తిరిగే చోటు అది. ఎవరి పోతు వాడు?"

లైల్ నిటారుగా నిలబడ్డాడు. మార్నీ ముందుకొచ్చింది. "బాబాయ్, పొద్దున నిన్ను అడిగే వెళ్ళాం. గుంట దగ్గరికి నేను వెళ్ళనా, కొక్కెంగాడొస్తే వేయను, చిన్నది వస్తేనే వేస్తా అన్నాను. నువ్వు ఊఁ అన్నావు. చెయ్యి కూడా ఊపావు."

"నన్నా? నువ్వు నన్నేం అడగలేదు."

"అడిగిందిరా," అన్నాడు లైల్. "నేను పక్కనే ఉన్నాను."

"నువ్వు పక్కన లేకుండా ఎలా ఉంటావు? ఇద్దరూ కలిసే కదా ఆడుతున్నారు." ఓర్విన్ లేచాడు. గొంతు ఎంత గట్టిగా వస్తోందో అతనికి తెలియలేదు. "నిన్న నువ్వు ఒక్క కూత కూయలేదు. ఒక్కటంటే ఒక్కటి. కొమ్మలు విరిచి వాణ్ణి తోలేశావు. నిన్న పొద్దున్నేమో ఇద్దరూ చెవులు రిక్కించి, వాడే, వాడే అని నాటకాలు. నా చేత గట్టెక్కించి, మీరు గుంట దగ్గర కాపు వేయడానికి. నీ పెదాలకు కొవ్వు రాసుకుంటే నేను నమ్మేస్తానా?"

వాగు అవతల చెట్ల నీడలు పొడుగయ్యాయి. లైల్ దవడ కదిలింది.

"కూయలేదా నేను?"

"లేదు."

"ఇంకెవడైనా ఈ మాట అంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణిరా," అన్నాడు లైల్ నెమ్మదిగా. "నీ పళ్ళు ఎలాగూ పెట్టుడువే కాబట్టి వదిలేస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. మార్నీ తన విల్లుకు తగిలించిన పొదిలోంచి బాణాలు ఒక్కొక్కటే ఊడదీసింది. ములుకులు తనవైపు, ఈకలు అతనివైపు ఉండేలా పట్టుకుని, డేరాలోకి వెళ్ళి ఓర్విన్ పక్క మీద వరసగా పెట్టింది. బయటికి వచ్చి విల్లు పెట్టెలో పెట్టి మూత వేసింది. గొళ్ళెం పడింది.

"రేపు నేను డేరాలోనే ఉంటా," అంది. అతని కళ్ళలోకి చూస్తూ అంది గనుక ఈ మాట పూర్తిగా వచ్చింది.

"రేపు ఒక్కరోజు," అన్నాడు లైల్. "ఇచ్చిన మాట కోసం వస్తా. నీ వెనక కూర్చుని కూస్తా. వాడొచ్చినా రాకపోయినా మధ్యాహ్నానికి డేరా పీకేస్తున్నాం. ఆ తర్వాత నీ దారి నీది."

మూడోనాటి పొద్దున గడ్డి మీద మంచు పొరలు కట్టింది. అడుగు వేస్తే కాలి కింద విరిగేంత మంచు. ఇద్దరూ గట్టెక్కారు. మార్నీ బాణాలు ఓర్విన్ పక్క మీద అలాగే ఉన్నాయి. రాత్రి వాటిని తాకకుండా డేరా గుడ్డవారగా ముడుచుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు.

లైల్ ఒక చోట ఆగి, ముందున్న చిన్న పచ్చిక వైపు చెయ్యి చూపించాడు. తను వెనకే ఉండిపోయాడు. ఓర్విన్ ముందుకు వెళ్ళి రెండు పైను చెట్ల మధ్య నిలబడ్డాడు. పిండి వదిలాడు. అది మెల్లగా అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. బాణం నారికి ఎక్కించాడు.

ఏమీ లేదు. మంచుకు బిగుసుకుపోయిన అడవి. చూడు, ఇవాళ కూడా అంతే అనుకున్నాడు. మాట కోసం వచ్చాడట! అతనికి లోపల ఏదో చేదుగా తృప్తి కలిగింది. తను అన్నది నిజమే. ఈసారి దాన్ని కళ్ళారా చూడాలని, బూటు కదపకుండా నడుము మాత్రం తిప్పి వెనక్కి చూశాడు.

లైల్ కనిపించాడు. మోకాళ్ళ మీద ఉన్నాడు. గొట్టం నోటికి ఆనించి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు తాళ్ళలా పొంగేలా ఊదుతున్నాడు. గొట్టం చివర నుంచి తెల్లని ఆవిరి ధారగా వస్తోంది. ఆవిరి ఆగింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఊదాడు. మళ్ళీ ఆవిరి.

చప్పుడు లేదు.

ఎంత నాటకం, అనుకున్నాడు ఓర్విన్. తను వెనక్కి చూస్తాడని కూడా ఊహించి, ఆవిరితో సహా నటిస్తున్నాడు. కానీ కళ్ళు మూసుకున్నవాడికి తను చూస్తున్నట్టు ఎలా తెలుసు? ఆ ప్రశ్న పూర్తిగా తయారు కాకముందే లైల్ కళ్ళు తెరిచాడు. ఓర్విన్‌ని చూసి ఉలిక్కిపడ్డాడు. ముందుకు చూడు, ముందుకు చూడరా అన్నట్టు కోపంగా వేలు చూపించాడు.

ఓర్విన్ తిరిగాడు.

పచ్చిక అవతలి అంచున కొక్కెంగాడు నిలబడి ఉన్నాడు. ఒంటినిండా ఎండిన బురద. మెడ కింద నల్లని జూలు. ఎడమ కొమ్ముకు మూడో కొన లోపలికి వంగి, దానికి ఒక గడ్డిపోచ వేలాడుతోంది. నాలుగేళ్ళుగా గోడ మీద చూసుకున్నది ఇప్పుడు ఊపిరి పీలుస్తూ ఎదురుగా ఉంది. అది నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలిచి, మెడ ముందుకు సాచింది. కొమ్ములు వీపుకు ఆనేలా తల వెనక్కి వాల్చింది. నోరు తెరిచింది. కింది పళ్ళు కనిపించాయి. డొక్క లోపలికి పీక్కుపోయింది. నోట్లోంచి ఆవిరి మబ్బులా వచ్చి, పొద్దుటి వెలుగులో గులాబీ రంగు తిరిగి, పచ్చిక మీద పరుచుకుంది. ఎంతసేపో వచ్చింది.

చప్పుడు లేదు.

ఆఖర్న, ఛాతీ లోతులోంచి, గుక్ గుక్ గుక్ అని ముద్దగా ఏదో వినపడింది. కుండలో నీళ్ళు ఒంపినట్టు. అంతే. ఓర్విన్‌కి ఆ ముగింపు తెలుసు. ఆ ముగింపుకు ముందు ఏముంటుందో కూడా తెలుసు. కొండల్ని కోసుకుంటూ పైకి పోయే ఆ సన్నని, పదునైన కూత. దాని కోసమే మనుషులు ఇళ్ళు వదిలి ఇక్కడికి వస్తారు. దాన్ని విన్న మొదటి రోజు అతను ఏడ్చాడు.

లైల్ నటిస్తాడు. మార్నీ నటిస్తుంది. దుప్పికి నటించాల్సిన పనేముంది?

పోతు కదిలింది. లైల్ ఉన్న వైపు, వినిపించని ఏ గొంతునో వెతుక్కుంటూ, తల ఊపుకుంటూ నడిచి వస్తోంది. ఓర్విన్ చేతులు వాటంతటవే పని చేశాయి. దాని కన్ను చెట్టు మాను వెనక్కి వెళ్ళగానే నారి లాగాడు. విల్లు కొనల్లోని కప్పీలు తిరిగి నారి బరువు తేలికైంది. బొటనవేలు దవడ ఎముకకు ఆనింది. పోతు చెట్టు దాటి, ఇరవై గజాల్లో, అడ్డంగా వచ్చింది. అక్కడ టక్కున ఆగింది. ఎందుకు ఆగిందో ఓర్విన్‌కి తెలుసు. వెనక లైల్ ఆడదుప్పిలా సన్నగా ఒక్క పిలుపు పిలిచి ఉంటాడు, తన కోసం, బాణం వేయడానికి వీలుగా. ఆ పిలుపు కూడా తన వరకు రాలేదు.

వేళ్ళు వదిలాయి. దాని ముంగాలి వెనక, మూడో వంతు ఎత్తున, ఈకలు ఒక్క క్షణం మెరిసి లోపలికి మాయమైపోయాయి. పోతు ఎగిరి, వెనుదిరిగి, దట్టమైన చెట్లలోకి దూసుకుపోయింది. కొమ్మలు ఊగి ఆగాయి.

బాణం వేశాక కదలకూడదు. నిలబడ్డ చోటే నిలబడి వినాలి. ఎటు పరిగెత్తింది, ఎక్కడ తడబడింది, ఎక్కడ కూలింది, ఆఖరి ఊపిరి ఎటునుంచి వచ్చింది. కళ్ళు పోగొట్టుకున్నదాన్ని చెవులు పట్టి ఇస్తాయి. ఓర్విన్ నిలబడ్డాడు. వాగు మోత వినపడింది. గుండె కొట్టుకోవడం వినపడింది. మరేమీ లేదు.

లైల్ వంగి వంగి నడిచి వచ్చాడు. నిన్నటి కోపం మొహాన ఉన్నా, దాని మీదుగా పాత ఆత్రం పొంగుకొస్తోంది. ఓర్విన్ వెనక నిలబడి, చెట్ల వైపు చూస్తూ ఏదో అడిగాడు. ఓర్విన్ అతని వైపు తిరిగాడు. ఏం అడిగి ఉంటాడో తెలుసు. ఎవరైనా అడిగేది అదే: ఎక్కడ పడ్డాడు, విన్నావా? ఊఁ అని తల ఊపి, ఎటో ఒకవైపు వేలు చూపించవచ్చు. రక్తపు చుక్కలు ఎలాగూ దారి చూపిస్తాయి. ఇన్నాళ్ళూ అలాగే గడిచింది కాబోలు.

"నాకు వినపడలేదు," అన్నాడు.

"పోనీలే, గాలి..."

"గాలి కాదురా. వాడి కూత కూడా వినపడలేదు. ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. నాకు వినపడలేదు." విల్లు చెట్టుకు ఆనించబోయి గురి తప్పాడు. అది జారి మంచు మీద పడింది. వంగి తీయలేదు. "నీ కూత కూడా. మొన్నా, ఇవాళా."

లైల్ పెదాల మీద చీలికలు ఎండి నల్లగా ఉన్నాయి. ఓర్విన్ వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"మరి మార్నీ అడిగినప్పుడు ఊఁ అన్నావు..."

"ఎవరేం అడిగినా ఊఁ అంటున్నాను."

లైల్ పక్కన పడి ఉన్న దుంగ మీద చతికిలబడ్డాడు. టోపీ తీసి మోకాలికి తగిలించాడు. "నాలుగు దశాబ్దాలు ఆ కలప మిల్లులో నువ్వు రంపం పక్కన నిలబడితే ఏమవుతుంది, సన్నని చప్పుళ్ళు ముందు పోతాయి," అన్నాడు ఎటో చూస్తూ. వెంటనే గుర్తొచ్చి, మొహం ఇటు తిప్పి, అదే మాట మళ్ళీ చెప్పాడు. "పోయినేడు మీ ఆవిడ నాతో అంది, వీడికి చెవుడొచ్చిందని. నీ మాటల వరకే అయ్యుంటుందమ్మా, అన్నాను."

ఓర్విన్ నవ్వబోయాడు. తనూ వచ్చి దుంగ మీద కూర్చున్నాడు. బాణం తగిలిన పోతును వెంటనే తరమకూడదు. దాని చావు దాన్ని చావనివ్వాలి. ఎండ పచ్చిక మీదికి వచ్చి మంచు కరగడం మొదలైంది.

"ఎలా కూశాడు?" అన్నాడు ఓర్విన్.

"ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే?"

లైల్ అలవాటుగా గొట్టం నోటి దగ్గరికి తీసుకున్నాడు. ఊదబోయి ఆగాడు. దాన్ని మెల్లగా ఒడిలో పెట్టుకుని కాసేపు దాని అంచు నిమిరాడు.

"మొదట బొంగురుగా," అన్నాడు, ఓర్విన్ కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి. "తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు. ముసలాడైపోయాడు కదా. పైకి వెళ్ళేటప్పుడు ఒకచోట జీర వచ్చింది. ఆగిపోతాడేమో అనుకున్నా. ఆగలా. అక్కణ్ణించి ఎత్తుకున్నాడు చూడు... నా వీపు మీద వెంట్రుకలు లేచాయిరా."

ఓర్విన్ తల ఊపాడు. ఈసారి విన్నాడు గనుకనే ఊపాడు.

"ఆ మార్నీ పిల్లకి..." అని మొదలుపెట్టాడు.

"నువ్వే చెప్పుకో. దాని బాణాలు నీ చేత్తోనే దానికి ఇవ్వు. సాయంత్రం గుంట దగ్గర కాపు వెయ్యాలి అది."

"డేరా పీకేస్తున్నామన్నావుగా?"

"ఎవరన్నారు? నీకు సరిగ్గా వినపడి ఉండదు."

లైల్ లేచి, కింద పడిన విల్లు తీసి, మంచు దులిపి, ఓర్విన్ చేతికి ఇచ్చాడు. చెట్ల వైపు నాలుగడుగులు వేసి, వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి ఆగి వెనక్కి తిరిగాడు. ఓర్విన్ ఇంకా దుంగ దగ్గరే నిలబడి ఉన్నాడు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు. లైల్ మళ్ళీ నడిచి అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వాగు పక్కన పడ్డాడు," అన్నాడు. "రెండుసార్లు ఎగిరిపడ్డాడు, కొమ్ములు బండకు కొట్టుకున్నాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. నేను విన్నాను."

"పద," అన్నాడు ఓర్విన్. లైల్ ముందు నడిచాడు. ఓర్విన్ నేల మీద రక్తం వెతకకుండా, ముందు కదులుతున్న ఆ వీపునే చూస్తూ అతని వెనక వెళ్ళాడు.